నిప్పుకు మూడు దారులు

అమెరికాలో వేసవి వస్తే పెరట్లో గ్రిల్ మూత లేవాల్సిందే. మన తెలుగు ఇళ్ళూ ఆ సంబరంలో కలిసిపోయాయి. ముక్కల్ని నానబెట్టడం, కాల్చడం అందరికీ అలవాటయ్యాయి. కాల్చాక ఆ పొయ్యిని ఎలా చూసుకోవాలన్నదే ఇంకా చాలామంది పట్టించుకోని సంగతి. రుచీ, ఇంటి క్షేమం రెండూ అక్కడే ఉన్నాయి.

మే నెల ఆఖరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే. యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన సైనికులను తలుచుకునే రోజు. ఆ వారాంతంతోనే అక్కడ వేసవి మొదలైనట్టు లెక్క. నడుమ జూలై 4 స్వాతంత్ర్య దినం, చివర సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. ఈ నెలల్లో శనివారం సాయంత్రం ఏ వీధిలో నడిచినా కాలుతున్న మాంసం వాసనో, మొక్కజొన్న పొత్తుల వాసనో తగులుతూనే ఉంటుంది.

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, న్యూజెర్సీలోని ఎడిసన్, కాలిఫోర్నియాలోని బే ఏరియా లాంటి చోట్ల మనవాళ్ళు ఎక్కువ. అక్కడ ఈ పొగకు అల్లంవెల్లుల్లి, గరం మసాలా ఘాటు తోడవుతుంది. పెరుగులో నానిన కోడి తొడలు ఒకవైపు, పనీరు, క్యాప్సికం, ఉల్లి గుచ్చిన పుల్లలు ఇంకోవైపు. వేసవి గడపడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు నీడలో కుర్చీలు వేసుకుంటారు. వంటగదిలో ఎప్పుడూ గరిటె పట్టని మగవాళ్ళు కూడా ఆ పూట పటకారు చేతికి తీసుకుంటారు.

ఆ సాయంత్రమంతా అందరి కళ్ళూ జాలీ మీది ముక్కల మీదే. అతిథులు వెళ్ళాక మూత పడుతుంది. మళ్ళీ వాడేదాకా ఆ మూత కింద ఏముందో ఎవరూ చూడరు. పేరుకున్న కొవ్వు, గొట్టంలో గూడు కట్టిన సాలీడు, తడిసి ముద్దయిన బూడిద, బ్రష్ నుంచి ఊడిపోయిన సన్నని తీగ అక్కడే ఉండిపోతాయి. వచ్చే విందుకు వచ్చేవాళ్ళ ఆరోగ్యం, పక్కనే ఉన్న ఇల్లు ఈ నాలుగింటి మీద ఆధారపడి ఉంటాయి.

గ్రిల్‌ను శుభ్రం చేయడమంటే కొన్ననాటిలా తళతళలాడించడమని చాలామంది అనుకుంటారు. అది కుదరదు, కుదరనక్కర్లేదు కూడా. నిప్పు సరిగ్గా పనిచేయాలంటే మూడు దారులు తెరిచి ఉండాలి. గాలి వచ్చే దారి, గ్యాస్ వచ్చే దారి, కరిగిన కొవ్వు కిందికి దిగిపోయే దారి. ఈ మూడూ తెరిచి ఉంటే జాలీ ఎంత నల్లగా ఉన్నా ఇబ్బంది లేదు. వీటిలో ఏ ఒక్కటి మూసుకుపోయినా, పైన మూత అద్దంలా మెరిసినా, అది నమ్మదగ్గ పొయ్యి కాదు.

మూతకు చిల్లులు పడిన కథ

ఈ మూడింటిలో గాలి ఎంత ముఖ్యమో పెరటి గ్రిల్ పుట్టుకలోనే కనిపిస్తుంది. 1952లో షికాగో ప్రాంతంలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసేవారు. నీళ్ళలో తేలుతూ ఓడలకు దారి చూపే ఇనుప బోయాలు అక్కడ తయారయ్యేవి. అప్పట్లో పెరటి పొయ్యిలంటే మూతలేని పళ్ళేలే. గాలి వీస్తే బూడిద లేచి ముక్కల మీద పడేది. వాన వస్తే వంట ఆగిపోయేది. స్టీఫెన్ బోయాకు వాడే అర్ధగోళాన్ని తీసుకుని కాళ్ళు బిగించి, రెండో సగాన్ని మూతగా బోర్లించారు. మూత పెట్టగానే నిప్పు ఆరిపోయిందట. గాలి ఆడాలని పక్కింటాయన సలహా ఇస్తే మూతకు చిల్లులు పెట్టారని, అప్పుడు నిప్పు నిలిచిందని ఆ కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. నేటికీ ఆ గుండ్రటి గ్రిల్‌కు కింద గాలి రంధ్రాలు, పైన గాలి రంధ్రాలు ఉంటాయి. వంటవాడు వేడిని తగ్గించేదీ పెంచేదీ వాటితోనే.

అందులో పోసే బొగ్గు బిళ్ళలకూ ఒక చరిత్ర ఉంది. పొడి బొగ్గును అచ్చుపోసి బిళ్ళగా చేసే పద్ధతికి ఎల్స్‌వర్త్ జ్వోయర్ 1897లోనే పేటెంటు తీసుకున్నారు. దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం హెన్రీ ఫోర్డ్. మోడల్ టీ కార్లకు బోలెడంత కలప వాడేవారు. మిషిగన్ రాష్ట్రంలోని తన రంపపు మిల్లుల్లో మిగిలిన చెక్కముక్కలూ రంపపు పొట్టూ వృథా పోకుండా 1920లలో ఆయన వాటిని బొగ్గు బిళ్ళలుగా మార్పించారు. కార్ల దుకాణాల్లోనే వాటిని అమ్మారు. ఈ పనిలో తోడున్న ఫోర్డ్ చుట్టం ఎడ్వర్డ్ కింగ్స్‌ఫర్డ్ పేరే తర్వాత ఆ బొగ్గుకు స్థిరపడింది. ఈనాటికీ అమెరికా దుకాణాల్లో కింగ్స్‌ఫర్డ్ సంచులు కొండల్లా పేర్చి కనిపిస్తాయి.

గాలి దారి: బూడిదను నమ్మొద్దు

బొగ్గు గ్రిల్‌లో గాలికి అడ్డం పడేది బూడిదే. పోయినసారి బూడిద అడుగున నిండి ఉంటే కింది రంధ్రాలు మూసుకుపోతాయి. బొగ్గులు ఎంత పోసినా ఎర్రగా రాజుకోవు. పొగ ఎక్కువై ముక్కలు లోపల పచ్చిగా, పైన మసిగా తయారవుతాయి. బొగ్గు మంచిది కాదని సంచి మార్చేవాళ్ళు చాలామంది. చాలాసార్లు చేయాల్సిందల్లా అడుగు ఖాళీ చేయడమే.

బూడిదను అక్కడే వదిలేస్తే ఇంకో నష్టం. కట్టె బూడిదలో క్షారం ఉంటుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. వాన నీళ్ళు తగిలితే ముద్దగా మారి ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది. మూడు నాలుగేళ్ళకే అడుగు చిల్లులు పడిన గ్రిల్‌లలో చాలావాటికి పట్టిన జబ్బు ఇదే. పైనుంచి గుడ్డ కప్పి ఉంచినంత మాత్రాన ఇది ఆగదు. ముందు బూడిద తీసేయాలి, తర్వాతే గుడ్డ కప్పాలి.

తీసేటప్పుడు తొందర పనికిరాదు. నివురు గప్పిన నిప్పు అని మన పెద్దలు ఊరికే అనలేదు. పైకి చల్లగా, తెల్లగా కనిపించే బూడిద లోపల గంటల తరబడి నిప్పు కణికలు బతికే ఉంటాయి. కింద, పైన రంధ్రాలు రెండూ మూసేసి నిప్పును ఆర్పేయాలి. అలా ఆరిన బొగ్గుల్లో మిగిలినవి మళ్ళీ పనికొస్తాయి కూడా. కనీసం 48 గంటలు ఆగి, బూడిదను మూతున్న ఇనుప బకెట్‌లోకి ఎత్తాలి. కాగితం సంచిలోకో, ప్లాస్టిక్ చెత్తడబ్బాలోకో, చెక్క అరుగు అంచున ఉన్న ఎండుటాకుల మీదికో పోయకూడదు.

బొగ్గు గురించి మరో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. కాలుతున్న బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గు పూర్తిగా చల్లారేదాకా అది వస్తూనే ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుఫాను ముంచెత్తి కరెంటు పోయినప్పుడు, చలికి తట్టుకోలేక కొందరు బొగ్గు గ్రిల్‌లను ఇళ్ళలోకి తెచ్చుకున్నారు. ఇంకొందరు గ్యారేజీలో కారు నడిపి వెచ్చదనం కోసం చూశారు. హ్యూస్టన్ ప్రాంతంలో వందలమంది ఆ వాయువు బారినపడి ఆసుపత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంచినా అది ఆరుబయలు కాదు. బయటి పొయ్యిని ఎంత చలిలోనైనా, ఎంత వానలోనైనా ఇంట్లోకి తేకూడదు.

గ్యాస్ దారి: గొట్టంలో సాలీడు

అమెరికా పెరళ్ళలో ఇప్పుడు గ్యాస్ గ్రిల్‌లే ఎక్కువ. దాదాపు అన్నిటి కిందా కనిపించేది 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్, అంటే సుమారు 9 కిలోల గ్యాస్. సిలిండర్ నుంచి రెగ్యులేటర్, రబ్బరు గొట్టం, అక్కడి నుంచి బర్నర్. బర్నర్‌లోకి వెళ్ళే ముందు గ్యాస్ కాస్త గాలిని తనతో లాక్కుంటుంది. ఆ చోట గొట్టానికి చిన్న కిటికీ లాంటి సందు ఉంటుంది. చలికాలమంతా వాడని గ్రిల్‌లో సాలీళ్ళకు, చిన్న కందిరీగలకు అంతకన్నా మంచి చోటు దొరకదు. గూడు కట్టేస్తాయి.

సాలెగూడు కదా, నిప్పుకు కాలిపోతుందిలే అనుకోకూడదు. గొట్టం మూసుకుపోతే గ్యాస్ ముందుకు వెళ్ళలేక వెనక్కి తన్నుతుంది. అప్పుడు మంట బర్నర్ మీద కాకుండా మీటల దగ్గర, గొట్టం దగ్గర లేస్తుంది. అందుకే చాలామంది గ్రిల్ తయారీదారులు సాలీళ్ళ గురించి తమ పుస్తకంలో హెచ్చరిస్తారు. ఈ చిన్న ప్రాణి ఎంత పని చేయగలదో కార్ల పరిశ్రమకూ తెలుసు. ఇంధన ట్యాంకు గాలి గొట్టంలో ఎల్లో శాక్ స్పైడర్ అనే సాలీడు గూళ్ళు కడుతోందని 2011లో మాజ్డా కంపెనీ వేల కార్లను వెనక్కి పిలిపించింది. ఏడాదికోసారి, సీజన్ మొదట్లోనే, బర్నర్ గొట్టాలను విప్పి పొడవాటి సన్నని బ్రష్‌తో లోపల తుడవడం అరగంట పని.

బర్నర్ పై చిల్లులను శుభ్రం చేయడానికి ఒక పద్ధతుంది. బ్రష్‌ను గొట్టం పొడవునా రుద్దితే మసి ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లులోకి పోతుంది. అడ్డంగా, ఇటు నుంచి అటు తుడవాలి. పూడిన చిల్లును సన్నని తీగతో మెల్లగా పొడవాలి. చిల్లు పెద్దదైతే మంట తీరు మారిపోతుంది. పని సరిగ్గా జరిగిందా లేదా అన్నది మంటే చెబుతుంది. నీలంగా, కొసన కాస్త పసుపుతో నిలకడగా ఉంటే అంతా బాగున్నట్టు. పసుపుగా, బద్ధకంగా ఊగుతుంటే ఎక్కడో గాలి అందడం లేదు.

ఇక లీకుల సంగతి. ప్రొపేన్‌కు స్వతహాగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని అందులో ఘాటైన వాసన కలుపుతారు. గాలికన్నా బరువు కాబట్టి అది పైకి పోకుండా నేలబారుగా, గుంటల్లో పేరుకుంటుంది. సీజన్‌లో మొదటిసారి వెలిగించే ముందు, సిలిండర్ మార్చిన ప్రతిసారీ ఒక పరీక్ష చేయాలి. గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి బ్రష్‌తో గొట్టానికి, అతుకులకు పూయాలి. బర్నర్ మీటలు మూసే ఉంచి సిలిండర్ తెరవాలి. బుడగలు లేస్తే అక్కడ గ్యాస్ పోతున్నట్టు. వెంటనే మూసి, అతుకు బిగించాలి. గొట్టమే పగిలిందంటే మార్చాలి. టేపు చుట్టి సర్దుకోవడం పనికిరాదు.

వెలిగించేటప్పుడు మూత ఎత్తే ఉండాలి. మూసి ఉంచి వెలిగిస్తే లోపల నిండిన గ్యాస్ ఒక్కసారిగా అంటుకుంటుంది. ఒకటి రెండు ప్రయత్నాలకు వెలగకపోతే అన్నీ మూసేసి, మూత తెరిచి, ఐదు నిమిషాలు ఆగాలి. సిలిండర్ నిండుగా ఉన్నా మంట మిణుకుమిణుకుమంటోందని చాలామంది తలపట్టుకుంటారు. సిలిండర్ మీటను ఒక్కసారిగా తిప్పేస్తే, ఎక్కడో గొట్టం తెగిందనుకుని భద్రతా పరికరం గ్యాస్‌ను బిగబడుతుంది. అన్నీ మూసేసి, రెగ్యులేటర్ విప్పి, కాసేపాగి మళ్ళీ తగిలించి, సిలిండర్ మీటను నెమ్మదిగా తిప్పితే మంట మామూలుగా వస్తుంది. ఇది తెలియక బాగున్న గ్రిల్‌ను మూలన పడేసేవాళ్ళున్నారు.

కొవ్వు దారి: అసలు ముప్పు ఇక్కడే

అమెరికాలోని జాతీయ అగ్నిప్రమాద నివారణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కల ప్రకారం 2014 నుంచి 2018 వరకు ఏటా సగటున 10,600 ఇళ్ళ అగ్నిప్రమాదాలకు గ్రిల్‌లతో సంబంధం ఉంది. అందులో అత్యధికం జూలైలోనే. కారణాల్లో ముందు వరసలో ఉన్నవి మూడు. శుభ్రం చేయకపోవడం, మంటకు దగ్గర్లో అంటుకునే వస్తువులుండటం, వెలిగించి వదిలేసి వెళ్ళడం.

శుభ్రం చేయకపోతే ఇల్లెలా కాలుతుంది? గ్యాస్ గ్రిల్ లోపలికి తొంగి చూస్తే అర్థమవుతుంది. జాలీ కింద, బర్నర్ల మీద వాలుగా ఇనుప రేకులుంటాయి. ముక్కల నుంచి కారిన కొవ్వు వాటి మీద పడి కొంత ఆవిరై పొగ రుచినిస్తుంది. మిగతాది జారి అడుగు పెట్టెలోకి, అక్కడి నుంచి జిడ్డు పళ్ళెంలోకి చేరుతుంది. కోడి తొడల కొవ్వుకు మన మసాలాలో పోసిన నూనె కూడా తోడవుతుంది. నెలల తరబడి తీయకపోతే ఆ జిడ్డు పొరలు పొరలుగా గట్టిపడుతుంది. బాగా వేడెక్కిన రోజున అది అంటుకుంటుంది. అప్పుడు మీటలు తిప్పి గ్యాస్ ఆపినా మంట ఆగదు. కాలుతున్నది గ్యాస్ కాదు, ఆర్నెల్ల కొవ్వు.

ఆ క్షణంలో చేతికందిన నీళ్ళు పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. నీరు మరిగే కొవ్వు కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను నలువైపులా చిమ్ముతుంది. అందగలిగితే గ్యాస్ మూసేయాలి. మూత వేసి గాలి ఆపాలి. చిన్న మంటైతే వంటసోడా చల్లాలి. మంట సిలిండర్ వైపు పోతున్నా, అదుపు తప్పినా పిల్లాపెద్దల్ని దూరంగా పంపించి అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. గ్రిల్‌ను కాపాడబోయి మనుషులు కాలకూడదు.

నివారణ మాత్రం చాలా తేలిక. జిడ్డు పళ్ళెం ప్రతి వంటకు ముందు చూడాలి, సగానికి వస్తే తీసేయాలి. నాలుగైదు వంటలకోసారి వాలు రేకులను గీకాలి. సీజన్‌లో రెండుసార్లైనా అడుగు పెట్టెను ప్లాస్టిక్ గీకుడు చెక్కతో గీకి, మసినీ జిడ్డునీ కింది పళ్ళెంలోకి తోసి, గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడవాలి. అడుగంతా అల్యూమినియం ఫాయిల్ పరిస్తే పని తప్పుతుందని కొందరనుకుంటారు. ఫాయిల్ మడతల్లో కొవ్వు గుంటలు కట్టి నిలుస్తుంది, గాలి దారులూ మూసుకుపోతాయి. ఓవెన్ శుభ్రం చేసే ఘాటు ద్రావణాలు కూడా వద్దు. చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. చాలా గ్రిల్ పెట్టెలు అల్యూమినియంవి, కాస్టిక్ ఆ లోహాన్ని తినేస్తుంది.

మూత లోపల పెయింటు ఊడి ముక్కల మీద రాలుతోందని కంగారుపడేవాళ్ళు చాలామంది. సాధారణంగా మూత లోపల పెయింటు ఉండదు. పొగా, కొవ్వు ఆవిరీ కలిసి బొగ్గుగా మారి పెచ్చులు కడతాయి. చల్లారాక గట్టి గుడ్డతోనో, నలిపిన కాగితంతోనో తుడిస్తే వచ్చేస్తాయి.

ఇంకో సంగతి. కొవ్వు వాసన మనుషుల్నే కాదు, జంతువుల్నీ పిలుస్తుంది. చలికాలంలో ఎలుకలు గ్రిల్ లోపలే కాపురం పెడతాయి. న్యూజెర్సీ ఉత్తర భాగంలో, కొలరాడో కొండల్లో నల్ల ఎలుగుబంట్లు తిరిగే ఊళ్ళున్నాయి. అక్కడ జిడ్డు పళ్ళెం ఖాళీ చేయడం వన్యప్రాణి శాఖవారు ఇంటి యజమానులకు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఒకటి.

జాలీ: అమ్మ పెనం చెప్పిన పాఠం

ఇప్పుడు అందరి కళ్ళూ పడే జాలీ దగ్గరికి వద్దాం. పోత ఇనుము జాలీని సబ్బూ పీచూ పెట్టి తోముతున్న కొడుకును చూస్తే ఊరి నుంచి వచ్చిన ఏ తల్లయినా ఊరుకోదు. "ఒరే, దోసె పెనాన్ని అలా తోముతామట్రా? నూనె రాసి కాల్చు, అదే దారికొస్తుంది" అంటుంది. ఆమె మాట అక్షరాలా నిజం. ఇనుము మీద పల్చగా నూనె రాసి బాగా వేడి చేస్తే, ఆ నూనె అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టి పొరగా మారతాయి. ఆ నల్లని పొర తుప్పును ఆపుతుంది, ముక్క అంటుకోకుండా చూస్తుంది. పీచుతో గట్టిగా తోమితే పోయేది ఆ పొరే. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనం మీద రుద్దే మన పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. పొడవాటి ఫోర్కుకు ఉల్లి సగం గుచ్చి వేడి జాలీ మీద రుద్దితే అంటుకున్న మసాలా వదులుతుంది, నూనె పొరా పడుతుంది.

ఈ మధ్య తెలుగు ఇళ్ళలో చదునైన ఇనుప పలకతో వచ్చే గ్రిడిల్‌లు కూడా కనిపిస్తున్నాయి. బర్త్‌డే పార్టీ ఉదయం పెరట్లో వరసగా దోసెలు పోయడానికి వాటిని మించినవి లేవు. ఆ పలకనూ పెనంలాగే చూడాలి. వేడిగా ఉండగానే చదును గరిటెతో గీకి, తుడిచి, చుక్క నూనె పల్చగా రాసి, తడి తగలకుండా మూయాలి. నూనె మందంగా రాస్తే బంకలా జిగురు కడుతుంది.

అన్ని జాలీలూ ఇనుమువి కావు. పింగాణీ పూత ఉన్న జాలీని ఇనుప గీకుడుతో గీకితే పూత లేస్తుంది, లేచిన చోట తుప్పు మొదలవుతుంది. వాటికి నైలాన్ బ్రష్ చల్లారాకే వాడాలి, లేదా చెక్క గీకుడు. స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు అన్నిటినీ తట్టుకుంటుంది, రంగు మారినా బలం తగ్గదు. ఏదైనా సరే, వంట మొదలుపెట్టే ముందు మూత వేసి 10 నుంచి 15 నిమిషాలు బాగా కాగనిస్తే పాత ముక్కలన్నీ బూడిదై ఒక్క తుడుపుకు పోతాయి. జిడ్డు పళ్ళెం ఖాళీగా ఉందని చూసుకున్నాకే ఇలా కాచాలి.

మన మసాలాకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త అవసరం. పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద, కొందరు వేసే తేనె నిప్పు తగలగానే మాడి అంటుకుంటాయి. అమెరికన్ల ఉప్పూ మిరియాల పద్ధతికి లేని తంటా ఇది. ముక్కను జాలీ మీద వేసేముందు పైన వేలాడే మసాలాను వేలితో దులిపేయాలి. జాలీ బాగా కాగాక, నూనె రాశాక వేయాలి. వేసిన ముక్కను వెంటనే కదపకూడదు. కింది వైపు కాలగానే అది తనంతట తానే వదులుతుంది.

కంటికి కనిపించని తీగ

జాలీ తోమడానికి దాదాపు ప్రతి ఇంట్లో ఉండేది సన్నని స్టీలు తీగలున్న బ్రష్. వాడేకొద్దీ ఆ తీగలు ఊడతాయి. ఊడిన తీగ జాలీకి అంటుకుంటుంది, అక్కడి నుంచి ముక్కకు, ముక్క నుంచి గొంతులోకి. మిస్సోరీ విశ్వవిద్యాలయ వైద్యుల బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2002 నుంచి 2014 మధ్య అమెరికాలో ఇలాంటి తీగ గాయాలతో అత్యవసర విభాగాలకు వచ్చినవారి సంఖ్య 1,698 అని అంచనా. ఎక్కువ గాయాలు నోటిలో, గొంతులో, టాన్సిల్స్ దగ్గర. రోడ్ ఐలండ్‌లో కొందరికి ఆ తీగ పేగులోకి చేరి శస్త్రచికిత్స చేయాల్సి వచ్చిందని 2012లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ నివేదించింది.

ఈ ముప్పును పూర్తిగా తప్పించుకోవచ్చు. చెక్క గీకుడు, తీగలు లేని చుట్ట బ్రష్, మడిచిన తడి గుడ్డ పటకారుతో పట్టుకుని రుద్దడం, ఇవన్నీ అదే పని చేస్తాయి. తీగ బ్రష్ వాడక తప్పకపోతే తీగలు వంగినవీ ఊడినవీ కనిపించిన రోజే దాన్ని పారేయాలి. తోమిన తర్వాత తడి గుడ్డతో జాలీని ఒకసారి తుడిచి, వెలుగులో పరికించి, అప్పుడే ముక్కలు వేయాలి. చిన్నపిల్లలు తినబోయే వంట ఇది.

శాకాహారి అతిథి కోసం

తెలుగువాళ్ళ విందులో అతిథుల్లో శాకాహారులు తప్పక ఉంటారు. కొందరు మాంసం తినరు, ఇంకొందరు మాంసం తగిలిన చోట వండిందీ ముట్టరు. "కాసేపు కాల్చేశాం కదా, పోయుంటుంది" అన్న మాట వారికి ధైర్యమివ్వదు. వాళ్ళు మొహమాటపడి తినకుండా ఊరుకోవచ్చు, లేదా మనసొప్పకుండా తినొచ్చు. రెండూ పిలిచినవాళ్ళకు మర్యాద కాదు.

దీనికి దారులున్నాయి. శాకాహారానికి వేరే జాలీ కొని పెట్టుకోవచ్చు, ఖర్చు తక్కువే. పటకారు, గరిటె, నూనె కుంచె కూడా వేరుగా ఉండాలి. ముందు పనీరు, పొత్తులు, వంకాయ, అనాసపండు కాల్చి దించేసి, తర్వాతే మాంసం పెట్టాలి. కొన్ని ఇళ్ళలో శాకాహారులకు చిన్న గ్రిల్‌నే వేరుగా ఉంచుతారు. అంతకన్నా ఆదరం ఇంకేముంది? పచ్చి కోడి పెట్టిన పళ్ళెంలోనే కాలిన ముక్కలు వేయకూడదన్నది మాంసం తినేవాళ్ళకూ వర్తించే ఆరోగ్య సూత్రమే. కోడి లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్, అంటే 165 డిగ్రీల ఫారన్‌హీట్ చేరాకే తినాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. చిన్న థర్మామీటర్ ఉంటే ముక్క కోసి చూసే పని ఉండదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండే పిల్లలకు

చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలు ఎక్కువగా ఉండేది అపార్ట్‌మెంట్లలోనే. ఆ కట్టడాల్లో చెక్క ఎక్కువ. అమెరికాలో చాలా నగరాలు అనుసరించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం అపార్ట్‌మెంట్లలో మంట వచ్చే గ్రిల్‌ను చెక్క బాల్కనీ మీద గానీ, మండే గోడలకు 10 అడుగుల లోపు గానీ వాడకూడదు. నీటి స్ప్రింక్లర్లున్న భవనాలకు కొన్ని మినహాయింపులున్నా, అద్దె ఒప్పందం వాటినీ కాదనొచ్చు. న్యూయార్క్ నగరంలో అపార్ట్‌మెంటు బాల్కనీలో ప్రొపేన్ సిలిండర్ పెట్టడమే నేరం. ఒప్పందం చదివి, చాలా అపార్ట్‌మెంటు సముదాయాల్లో, పార్కుల్లో ఉండే ఉమ్మడి గ్రిల్‌లను వాడుకోవడం మేలు. వాటిని వాడేముందు జాలీ మీద ఫాయిల్ పరిచినా, వాడాక జాలీ తుడిచి వెళ్ళడం తర్వాత వచ్చేవారికి చేసే మేలు.

మన డాబాల మీద

హైదరాబాద్ శివారు ఫామ్‌హౌసుల్లో, విశాఖ డాబాల మీద కూడా ఇప్పుడు బార్బెక్యూ మామూలైపోయింది. నిప్పు సూత్రాలు అవే. కొన్ని జాగ్రత్తలు మాత్రం మనవి. అమెరికా నుంచి తెచ్చిన గ్యాస్ గ్రిల్‌ను మన వంట సిలిండర్‌కు తగిలించకూడదు. అక్కడిది ప్రొపేన్, ఇక్కడి ఎల్‌పీజీలో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కూడా ఉంటుంది. రెగ్యులేటర్లూ, బర్నర్ జెట్లూ, అతుకులూ దేనికదే. అడాప్టర్లతో అతికించే ప్రయత్నం ప్రాణాపాయం.

పాత డ్రమ్మును నిలువునా కోసి పొయ్యి చేయించుకునేవాళ్ళు అందులో ఇంతకుముందు ఏ రసాయనం ఉండేదో తెలుసుకోవాలి. తెలియకపోతే ఆ డ్రమ్ము వద్దు. జాలీకి గాల్వనైజ్డ్ తీగ వాడకూడదు. బాగా కాగితే పూతలోని జింకు పొగగా లేస్తుంది, అది పీల్చకూడనిది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ళలో ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. వాడిన రాత్రే తుడిచి, నూనె రాసి, లోపల పెట్టుకోవాలి. వానాకాలానికి ముందు బూడిద తీసేయకపోతే మృగశిర కార్తె దాటేసరికి అడుగు తుప్పు పట్టడం మొదలవుతుంది.

ఎప్పుడు ఏ పని

వండే ముందు ప్రతిసారీ: జిడ్డు పళ్ళెం చూడాలి. గొట్టం, అతుకులు కంటితో పరికించాలి. మూత ఎత్తి వెలిగించి, తర్వాత మూసి 10–15 నిమిషాలు కాగనివ్వాలి. జాలీ తుడిచి నూనె రాయాలి.

వండాక ప్రతిసారీ: వేడి తగ్గకముందే జాలీ గీకాలి. బర్నర్లతో పాటు సిలిండర్ మీటనూ మూయాలి. బొగ్గయితే గాలి రంధ్రాలన్నీ మూసి, రెండు రోజులాగి బూడిద ఎత్తాలి. పూర్తిగా చల్లారాకే కవర్ వేయాలి.

నెలకోసారి: వాలు రేకులు గీకాలి, బర్నర్ చిల్లులు అడ్డంగా తోమాలి, మూత లోపలి పెచ్చులు తుడవాలి.

సీజన్ మొదట్లో: బర్నర్ గొట్టాల్లో సాలెగూళ్ళు తీయాలి. సబ్బునీళ్ళ పరీక్ష చేయాలి. రబ్బరు గొట్టం బీటలు వారితే మార్చాలి. అడుగు పెట్టె కడగాలి.

సీజన్ ముగిశాక: లోపలి జిడ్డంతా తీసేయాలి. ఇనుప జాలీకి నూనె పట్టించి పొడిచోట పెట్టాలి. సిలిండర్‌ను ఇంట్లోనో గ్యారేజీలోనో కాకుండా, ఎండవానలు తగలని ఆరుబయట నిటారుగా ఉంచాలి.

చివరిగా

ఈ పనులన్నీ కలిపినా నెలకు గంటకు మించవు. మసాలా కలపడానికి, ముక్కలు నానబెట్టడానికి అంతకన్నా ఎక్కువ సమయమే ఇస్తాం. పదిమందిని ఇంటికి పిలిచి నిప్పు ముందు నిలబడినవాళ్ళ మీద ఆ పదిమంది బాధ్యత ఉంటుంది. కొవ్వు అంటుకుంటే కాలేది వాళ్ళ చేతులే, ఊడిన తీగ దిగేది వాళ్ళ పిల్లల గొంతుల్లోకే. ఆ బాధ్యతను ఇంట్లో ఒక్కరి నెత్తినే వేయనక్కర్లేదు. పటకారు పట్టినవాళ్ళే మర్నాడు గీకుడు చెక్క కూడా పట్టాలి, పదేళ్ళు దాటిన పిల్లలకు చల్లారిన గ్రిల్ మీద ఈ పని నేర్పాలి. వండటంతో పాటు నిప్పును చూసుకోవడమూ వాళ్ళకు వస్తుంది.

ఈ వారం విందు అనుకుంటే ముందు రోజే మూత ఎత్తండి. జిడ్డు పళ్ళెం బయటికి లాగి చూడండి. నిండి ఉంటే ముక్కలు నానబెట్టడం తర్వాత, ముందు ఆ పని కానివ్వండి.